పొయ్యికంతలో పంతులు

కొండ కింద మెట్ట చేలు. ఆ చేల మధ్య ఒక రైతు దొడ్డి. దొడ్డికి కాస్త ఎడంగా పాత పొగాకు బ్యారన్ ఒకటి నిలబడి ఉంది. ఒకప్పుడు పచ్చాకును కర్రలకు కట్టి అందులో వేలాడదీసి, కింద పొయ్యి రాజేసి, ఆ సెగకు ఆకు పండించేవాళ్ళు. రైతు పొగాకు మానేసి మిరప పట్టుకున్నాడు. పొయ్యి ఆరిపోయింది. కట్టెలు ఎగదోసే కంతకు ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి మూసేశారు. ఎత్తైన నాలుగు గోడలు, పైన రేకులు, ఒక తలుపు, గాలి ఆడటానికి నేల వారన వదిలిన సన్నటి సందులు. మిగిలింది అంతే.

పెద్ద జంతువులన్నీ పొద్దున్నే కొండ వాలుకు మేతకు పోయేవి. పోతూ పోతూ పిల్లల్ని ఈ బ్యారన్‌లోకి తోలి పోయేవి. దొడ్డికి పెద్దదిక్కయిన ఎద్దు మైలయ్య చివరగా కొమ్ముతో తలుపు గడియ నెట్టి, ఒకసారి వెనక్కి చూసి, మెడలో గంట ఊపుకుంటూ మందను కలుసుకునేవాడు.

ఆ దొడ్డిలోనే పుల్లమ్మ అనే మేక ఉండేది. ఒళ్ళంతా ఇటుక రంగు, గడ్డం కింద తెల్లటి కుచ్చు. దాని నోరు రెండే పనులు ఎరుగును: మెయ్యడం, వాదించడం. రెండింట్లోనూ ఎదుటివాళ్ళకు ఏమీ మిగల్చదు. ఎవరితో మాట పెట్టుకున్నా గెలిచి గానీ వదిలేది కాదు. గెలిచి తల తిప్పి చూస్తే పక్కన ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

పక్క చేలో మిరపనారు మీద పడి మేసినందుకు రైతు దాని మెడకు గుదిబండ కట్టాడు. మూరెడు తుమ్మ మొద్దు. అడుగు తీసి అడుగేస్తే ముందు మోకాళ్ళకు టక్కున తగిలేది. కొండెక్కడం మాట అటుంచి, దొడ్డి చుట్టూ తిరిగి వచ్చేసరికే తల ప్రాణం తోకకు వచ్చేది. అలా పుల్లమ్మ పిల్లలతోపాటు బ్యారన్ దగ్గర మిగిలిపోయింది.

పిల్లలు ముగ్గురు. గేదె నాగులమ్మ కొడుకు బొండు. ఎక్కడ ఆగితే అక్కడే కూలబడే రకం. కోడిపుంజు డేగయ్య కొడుకు పిసరు. పేరుకు తగ్గట్టు పిసరంత ఒళ్ళు, దొడ్డంత గొంతు. గొర్రె నాంచారమ్మ కూతురు దూది. అది ఏడ్చినా చప్పుడు కాకుండా ఏడుస్తుంది.

తల్లులు కనుమరుగవగానే ముగ్గురూ రాగం మొదలుపెట్టేవాళ్ళు. ఆ ఏడుపు ఆపడానికే పుల్లమ్మ మొదటిసారి కొమ్ముతో గడియ తోసుకుని లోపలికి వెళ్ళింది. జాలితో కాదు, చెవులు నొప్పెట్టి. వెళ్ళి కొండ గురించీ, వాన గురించీ, తోడేలు గురించీ ఏకధాటిగా ఉపన్యాసం దంచింది. బొండు నిద్రపోయాడు. పిసరు మాత్రం గుదిబండ చుట్టూ తిరిగి చూసి, "అత్తా, ఇదెందుకు నీ మెడకి?" అన్నాడు.

ఇంకెవరన్నా అడిగి ఉంటే పుల్లమ్మ కొమ్ములకు పని చెప్పేది. పిల్లవాడి కళ్ళు చూసి ఉన్నమాట చెప్పింది.

"దొంగమేత మేశాన్రా."

"మొద్దు మోస్తే దొంగమేత మెయ్యాలనిపించదా?"

పుల్లమ్మ నోరు తెరిచింది. మూసింది. దాని బతుకులో జవాబు దొరకని ప్రశ్న అదే మొదటిది. విచిత్రం ఏమిటంటే, ఓడిపోయినట్టు అనిపించలేదు. ఎండాకాలంలో ఎవరో చల్లటి నీళ్ళు ఒంటి మీద గుమ్మరించినట్టు అనిపించింది.

ఆ రోజు నుంచి అది బడి అయింది. పుల్లమ్మ ఉపన్యాసాలు తగ్గించి, ఏది చెప్పినా ముందు తను చేసి చూపించేది. రోజూ ఒక్కొక్కరూ చూసిందో విన్నదో ఒకటి చెప్పాలి, మిగిలినవాళ్ళు దాని మీద అడగాలి. రెండే కట్టుబాట్లు. అడిగినవాళ్ళను వెక్కిరించకూడదు. జవాబు అర్థం కాకపోతే అర్థమయ్యేదాకా మళ్ళీ అడగాలి. రెండో కట్టుబాటు బొండుకు బాగా నచ్చింది. ఒకే ప్రశ్నను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అడగగలడు వాడు.

దూది మాత్రం ఏమీ అడిగేది కాదు. అందరి మాటలూ చెవులు రిక్కించి వినేది. అప్పుడప్పుడు నోరు తెరవబోయి, అటూ ఇటూ చూసి, పక్కవాళ్ళు ఏమంటే అదే అనేది.

"నీకేం అడగాలని లేదా దూదీ?"

"పిసరన్న అడిగాడుగా అత్తా. చాలు."

"అది వాడి ప్రశ్న. నీది?"

దూది బొండు కడుపు వెనక దాక్కునేది. పుల్లమ్మ రెట్టించేది కాదు. ఒకప్పుడు ఎవరి మాటా పూర్తి కానివ్వని మేక, ఒక గొర్రెపిల్ల మొదటి మాట కోసం రోజులకు రోజులు కాచుకు కూర్చుంది. అదీ మార్పంటే.

ఇదంతా చేలగట్టు మీంచి ఒకడు గమనిస్తున్నాడు. నక్క భూషణం. ఒకనాటి మధ్యాహ్నం నీడకు వచ్చిన పుల్లమ్మను పలకరించాడు.

"ఏం పుల్లక్కా, ఊరందరి పిల్లల్నీ నెత్తిన వేసుకున్నావట?"

"నీ నెత్తినైతే వెయ్యలేదుగా!"

"కోపం దేనికి? తెలియక అడుగుతున్నా. రేపు పెద్దయితే బొండు బండికి పోతాడు, పిసరు పందేనికి పోతాడు, దూది మందలో కలిసిపోతుంది. నిన్ను తలచుకునేది ఎవరు? మేత పెడుతున్నారా? పాలు పోస్తున్నారా? ఇంత చేస్తే నీకేం ముట్టింది?"

పుల్లమ్మ సర్రున జవాబు తీయబోయింది. రాలేదు. ముట్టింది ఏదో ఉందని తెలుసు. అదేమిటో చెప్పడానికి మాట దొరకలేదు. భూషణం పళ్ళన్నీ కనబడేలా నవ్వి, గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం పల్లేరుకాయలా పుల్లమ్మ ఒంటికి పట్టుకునే ఉండిపోయింది.

ఇలా ఉండగా దొడ్డిలో గొణుగుడు మొదలైంది. చివరికి ఒక సాయంత్రం కళ్ళంలో పెద్దలందరూ కూడారు.

ముందుగా డేగయ్య ఛాతీ విరుచుకుని లేచాడు. "నా కొడుకు నన్నేమడిగాడో తెలుసా? 'నాన్నా, నువ్వు కూస్తేనే సూర్యుడు లేస్తాడన్నావుగా. మొన్న గొంతు పట్టేసి నువ్వు కూయలేదు. మరి ఆయన్ని ఎవరు లేపారు?' అని! పెంటకుప్ప మీద! పెట్టలందరి ముందూ!"

పక్కన ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వండి, నవ్వండి. మీ వంతు రాకపోదు!"

"వచ్చింది నాయనా," అంది నాగులమ్మ. "మావాడు పొదుగు దగ్గర నిలబడి 'అమ్మా, ఈ పాలు నావా, బిందెవా?' అన్నాడు. ఏం చెప్పను? ఆ పూట నాకు పాలే చేపలేదు."

మైలయ్య బరువుగా నిట్టూర్చాడు. "నన్ను కూడా వదల్లేదు. 'పెదనాన్నా, నాగలి లాగింది నువ్వు. నేను దున్నానని రైతు చెప్పుకుంటాడేం?' అన్నాడు బొండు. ఆ మాట రోజంతా బుర్రలో తిరిగి, చాలు వంకర పోయింది. దెబ్బలు తిన్నాను."

"మా దూది బంగారుతల్లి," అంది నాంచారమ్మ మురిసిపోతూ. "ఒక్క ప్రశ్న అడగదు."

"నా దిగులంతా అదే వదినా," అంది పుల్లమ్మ.

ఇక అందరూ దాని మీదకు తిరిగారు. పుల్లమ్మకు పాత పౌరుషం పొంగింది. "జవాబు తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి! పిల్లలు అడిగితే మీ కొమ్ములు ఊడిపోతాయా? సూర్యుణ్ణి నువ్వు లేపడం లేదు డేగయ్యా, ఆ సంగతి నీకూ తెలుసు. ఆ పాలు బిందెవే నాగులమ్మా, చెప్పడానికి నీకు మనసొప్పలేదు. అంతేనా? కాదంటే కాదనండి!"

ఎవరూ కాదనలేదు. ఎవరూ అవుననలేదు.

"నువ్వే గెలిచావు పుల్లమ్మా," అన్నాడు మైలయ్య నిదానంగా. "ఎప్పుడూ నువ్వే గెలుస్తావు. పిల్లల్ని కూడా నీలాగే తయారు చేస్తావేమోనని మా భయం. బడి ఆపెయ్."

సరిగ్గా అప్పుడు గట్టు మీంచి ఒక గొంతు వినబడింది. "క్షమించాలి. దారిన పోతుంటే మాట చెవిన పడింది."

"ఇంకో అడుగు వేశావంటే కొమ్ముకు గుచ్చుతా!" అన్నాడు మైలయ్య.

భూషణం అక్కడే ఆగి, ముందుకాళ్ళు జోడించాడు. "పెద్దాయన అనుమానం సబబే. నేను నక్కనే. కాదని ఎప్పుడన్నా అన్నానా? కానీ నాకూ పిల్లలున్నారు. నా పిల్లలు నాకు ఎదురు చెప్పరు. కూర్చోమంటే కూర్చుంటారు. కావాలంటే ఆ వినయం మీ పిల్లలకూ నేర్పిపెడతా."

"నీ దగ్గరికి పిల్లల్ని పంపుతామా? మా బుర్రలేమన్నా చెడిపోయాయా?" అంది నాగులమ్మ.

"పంపమని ఎవరన్నారమ్మా? పిల్లలు లోపల ఉంటారు. గడియ మీరే వేసుకోండి. నేను బయట, పొయ్యికంత దగ్గర కూర్చుంటా. మధ్యలో ఇటుకలు. సందుల్లోంచి నా మాట లోపలికి పోతుంది, నేను పోను. ఈ రోజుల్లో దీన్ని దూరవిద్య అంటారు."

దూరవిద్య అనే మాట వినగానే డేగయ్య మెడమీద ఈకలు లేచి నిలబడ్డాయి. అంత గొప్ప మాట ఆ దొడ్డిలో ఇంతవరకు ఎవరూ అనలేదు.

"మరి నీకేం ఇచ్చుకోవాలి?" అన్నాడు మైలయ్య.

"ఏమీ వద్దు. ఊరికే చెబుతా."

"ఊరికేనట!" పుల్లమ్మ ముందుకు ఉరికింది. మొద్దు మోకాళ్ళకు తగిలి తూలింది. "ఎందుకు ఊరికే చెబుతాడో అడగండి మావా! అది అడగండి ముందు!"

భూషణం మెత్తగా నవ్వాడు. "నువ్వూ ఊరికేగా చెప్పావక్కా. ఇంతకాలం చెప్పి నీకేం ముట్టిందో నువ్వు చెప్పు. నాకేం ముడుతుందో నేనూ చెబుతా."

అందరూ పుల్లమ్మ వైపు చూశారు. అంతటి నోరూ పెగల్లేదు.

వాదన అక్కడితో ముగిసింది. పుల్లమ్మ బ్యారన్‌లో అడుగు పెట్టకూడదనీ, పాఠం జరుగుతుంటే పలకకూడదనీ మాట తీసుకున్నారు. పిల్లలకు కూడా గట్టిగా చెప్పారు: పంతులుగారు చెప్పింది చెయ్యాలి, ఎదురడగకూడదు.

మర్నాడే దూరవిద్య మొదలైంది. పుల్లమ్మ లోపలికి పోలేదు. పలకలేదు. కానీ వినకూడదని ఎవరూ మాట తీసుకోలేదు కదా! బ్యారన్ వెనకవైపు కందికట్టె కుప్ప చాటున, గాలి సందుకు చెవి ఆనించి పడుకునేది.

"కళ్ళు మూయండి. మూశారా? తెరవండి. ఎందుకని అడగకండి. లేవండి. కూర్చోండి. ఎందుకని అడగకండి." ఇదే పాఠం. రోజూ ఇదే.

ఇళ్ళల్లో మాత్రం పండగే. బొండు నోరెత్తకుండా పాలు తాగి పడుకుంటున్నాడు. డేగయ్య కూత కొత్త వంపులు పోతోంది. మైలయ్య చాళ్ళు దారం పట్టినట్టు వస్తున్నాయి. "చూశావా పుల్లమ్మా, చదువంటే అది!" అని వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒక మాట అని పోతున్నారు.

ఒక సాయంత్రం పిసరు దాని పక్కనుంచి పోతూ, ఎవరూ చూడకుండా ఆగాడు. "అత్తా, అడగని ప్రశ్నలన్నీ కడుపులో ఉబ్బిపోయి గింజ దిగడం లేదే!" అన్నాడు. పుల్లమ్మ ముక్కుతో వాడి నెత్తి నిమిరి ఊరుకుంది. ఆ రాత్రి మేత దానికీ దిగలేదు. పోనీ తనేమన్నా ఇంత పొగరుబోతు మేక కాకపోతే, కళ్ళంలో నాలుగు మెత్తటి మాటలు అని ఉంటే, బడి నిలిచేదేమో. పిల్లల్ని గెలిపించడానికి వచ్చి తను గెలిచి కూర్చుంది. ఇప్పుడు దూది ఇక ఎప్పటికీ ఏమీ అడగదు. పక్కవాడు కళ్ళు మూస్తే తనూ మూస్తుంది, అంతే.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం భూషణం గొంతు మామూలుకన్నా తియ్యగా పలికింది.

"పిల్లలూ, కింది తరగతి పూర్తయింది. నేటి నుంచి పై తరగతి. బొండూ, నీ ముందున్న ఇటుకను తలతో నెట్టు. ఎందుకని అడగకు. పిసరూ, రాలిన మట్టి కాలితో గీకు. దూదీ, నెట్టిన ఇటుకను పక్కకు దొర్లించు. భేష్! ఇంకొకటి."

గోడ అవతల ఇటుక నేల రాసుకుంటూ జరిగిన చప్పుడు. మట్టి జలజలా రాలిన చప్పుడు. పుల్లమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. మధ్యలో ఇటుకలుంటాయనే కదా పెద్దలందరూ ఒప్పుకున్నది! ఆ ఇటుకల్ని పిల్లల చేతే తీయిస్తున్నాడు!

గభాలున లేచింది. గుదిబండ కందికట్టెలో ఇరుక్కుంది. గుంజింది. కట్టె విరిగి మరింత బిగుసుకుంది. మంద ఇంకా కొండ మీదే ఉంది. ఎంత అరిచినా అంత దూరం వినబడదు.

"ఆహా, తల పట్టేంత అయింది. చాలు," అన్నాడు భూషణం. "ఇప్పుడు దీవెన. అందరికన్నా వినయం ఎవరికి ఎక్కువ? దూదికి. ఎప్పుడన్నా ఏమన్నా అడిగిందా? రా తల్లీ. కళ్ళు మూసుకుని ఈ కంతలోంచి తల బయటికి పెట్టు."

లోపల చిన్న గిట్టల చప్పుడు. ఒకటి. ఇంకొకటి. దూది నడుస్తోంది. మాట ఇచ్చాను, తప్పుతాను, తప్పితే తప్పాను అనుకుని పుల్లమ్మ నోరంతా తెరిచి సందుకు పెట్టింది.

దాని గొంతు కన్నా ముందు లోపల ఇంకో గొంతు లేచింది. దారంలా సన్నగా ఉంది. ఎవరిదో పుల్లమ్మ వెంటనే పోల్చుకోలేకపోయింది. ఎలా పోలుస్తుంది, ఆ గొంతు అంతవరకు సొంతంగా పలకలేదు కదా.

"పంతులుగారండీ... కళ్ళెందుకు మూసుకోవాలి?"

పుల్లమ్మ నోట్లో అరుపు నోట్లోనే ఆగిపోయింది.

"ఎందుకని అడగకూడదని చెప్పానా లేదా?" అన్నాడు భూషణం.

జవాబు అర్థం కాకపోతే మళ్ళీ అడగాలి దూదీ, అడుగు తల్లీ, అని పుల్లమ్మ లోలోపల మొత్తుకుంటోంది.

"చెప్పారండీ. కానీ ఎందుకు అడగకూడదు?"

"అవును, ఎందుకు?" అన్నాడు బొండు.

ఇక పిసరు ఆగాడా! కడుపులో ఉబ్బినవన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. "ఇటుకలెందుకు తీయించారు? మధ్యలో ఇటుకలుంటాయని మా నాన్నతో చెప్పారు కదా? దీవెన లోపలికి రాదా? మాట వచ్చినప్పుడు దీవెన రాదా? మా అమ్మావాళ్ళు వచ్చాక దీవిస్తే కుదరదా?"

"ఎందుకు?" అన్నాడు బొండు మళ్ళీ.

భూషణానికి తొందర పట్టుకుంది. పొద్దు వాలుతోంది. కాసేపట్లో మైలయ్య గంట వినబడుతుంది. "అబ్బబ్బ! దీవెనంటే ఏదో పెద్ద పనిలా చేస్తున్నారేం! తల పెట్టాలి, తియ్యాలి. అంతే!"

"అయితే మీరు ఒకసారి చేసి చూపిస్తారాండీ?" అంది దూది. "పుల్లత్త ఏదన్నా ముందు తను చేసి చూపించేది."

భూషణం ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతని బుర్రలో ఏం తిరిగిందో గోడకు ఇవతలున్న పుల్లమ్మకు కూడా తెలిసిపోయింది. గొర్రెపిల్ల కంత ముందే నిలబడి ఉంది. తల లోపలికి పెడితే గొంతు నోటికి అందుతుంది. పట్టుకుని బయటికి ఈడ్చుకుపోవడమే.

"సరే తల్లీ. నీ మాట ఎందుకు కాదనాలి? ఇదిగో."

"కళ్ళు మూసుకునే పెట్టాలి కదండీ?"

"మూశాను!"

"ఎడమ కన్ను తెరిచే ఉంది పంతులుగారూ!" అని పిసరు అరిచాడు.

పళ్ళు కొరుకుతూ భూషణం రెండు కళ్ళూ గట్టిగా మూసి, మెడ దాకా తల దూర్చి, లటుక్కున కొరికాడు. గాలి తప్ప ఏమీ అందలేదు. దూది అప్పటికే పక్కకు తప్పుకుంది. ఆ పాటికి బొండు రెండడుగులు వేసి నక్క మెడ మీద కూర్చున్నాడు. ఆపద గ్రహించి కూర్చున్నాడా, ఎప్పటి అలవాటు కొద్దీ కూలబడ్డాడా అనేది ఆ దొడ్డిలో ఇప్పటికీ తేలని సంగతి. దూడ దూడే గానీ బరువు మాత్రం గేదెదే.

"కెవ్వు!" మంది దూరవిద్య.

పుల్లమ్మ ఒంట్లో బలమంతా కూడగట్టి ఒక్క గుంజు గుంజింది. కందికట్టె ఫెళఫెళా విరిగింది. మోకాళ్ళకు మొద్దు తగులుతున్నా లెక్క చెయ్యకుండా బ్యారన్ చుట్టూ పరుగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే కంత బయట భూషణం వెనక సగం కొట్టుకుంటోంది. తోక నేల ఊడుస్తోంది. పుల్లమ్మ మెడ వంచి, గుదిబండను తెచ్చి అతని నడుం మీద అడ్డంగా వాల్చింది.

"ఇన్నాళ్ళకు ఈ మొద్దు ఒక మంచి పనికి వచ్చిందిరా పిల్లలూ!"

"అత్తా! అత్తొచ్చింది!" లోపల గంతులు.

"పుల్లక్కా, నీకు పుణ్యముంటుంది, వదిలిపెట్టు!" భూషణం గొంతు లోపల్నుంచి నలిగి వచ్చింది.

"నాదేముంది? పాఠం ఇంకా అయినట్టు లేదు. పిల్లలూ, పంతులుగారిని అడగాల్సింది ఏమన్నా మిగిలిందా?"

మిగలడమా! అన్నాళ్ళుగా మింగినవన్నీ బయటికొచ్చాయి. నీ పిల్లలు నిజంగా నీకు ఎదురు చెప్పరా? వాళ్ళేం తింటారు? ఎక్కడి నుంచి తెస్తావు? నిరుడు మా పక్కదొడ్డి కోడిపిల్ల ఏమైంది? భూషణం ఒకదానికి అబద్ధం చెప్పేసరికి దూది ఇంకొకటి అడిగి దాన్ని పట్టేసేది. జవాబు రాకపోతే బొండు కాస్త సర్దుకుని కూర్చునేవాడు. అప్పుడు జవాబు దానంతట అదే వచ్చేది.

"ఒక్కొక్కరే, ఒక్కొక్కరే! దూదీ, నీ మాట కానివ్వు!" అని బయట్నుంచి అదిలిస్తూ, పుల్లమ్మ నక్క తోక దగ్గరికి వంగింది.

"భూషణం, నాకేం ముట్టిందని అడిగావు కదా. కళ్ళంలో చెప్పలేకపోయాను. ఇప్పుడు విను. ఆ సన్నటి గొంతు వినబడుతోందా? అది వినడానికి నేను ఎన్నాళ్ళు కాచుకున్నానో నీకు తెలియదు. అదే నాకు ముట్టింది. నీ మెడ మీద ఎంత బరువుందో అంత ముట్టింది."

భూషణం తోక ఒకసారి నేలకేసి కొట్టుకుంది.

పొద్దుగూకేవేళకు మంద దిగింది. కంతలో ఇరుక్కున్న నక్కనూ, దాని మీద మొద్దునూ చూసి పెద్దలందరూ కొయ్యబారిపోయారు. మైలయ్య తలుపు గడియ తీసి లోపలికి తల పెట్టేసరికి, భూషణం నిరుడు పోయిన కోడిపిల్ల సంగతి చెబుతున్నాడు. మైలయ్య చివరిదాకా విన్నాడు. పిల్లలంతా పక్కకు జరిగాక, బయటికి వచ్చి కొమ్ము ఎక్కడ ఆనించాలో అక్కడ ఆనించాడు. పుల్లమ్మ మొద్దు ఎత్తగానే భూషణం తల వెనక్కి లాక్కుని, చెవుల మీది బొచ్చు కంతకే వదిలేసి చేల మీదుగా లగెత్తాడు. వాగు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ కొండ చుట్టుపక్కల ఇంకెవరికీ దూరవిద్య చెప్పలేదు.

డేగయ్య గట్టెక్కి పెద్దగా కూశాడు. కూసి, కిందికి చూసి, "సూర్యుడి కోసం కాదురా పిసరూ, నా సంతోషానికి కూశాను," అన్నాడు.

నాంచారమ్మ కూతుర్ని ముందుకాళ్ళ మధ్యకు లాక్కుని ఒళ్ళంతా వాసన చూస్తోంది. దూది తలెత్తింది. "అమ్మా, ఒకటి అడగనా? నువ్వెప్పుడూ ముందు గొర్రె వెనకే పోతావెందుకు?"

నాంచారమ్మ వాసన చూడటం ఆపేసింది. అక్కడే కూర్చుని ఆలోచనలో పడింది. ఆ రాత్రంతా ఆలోచించిందని అంటారు.

మైలయ్య పుల్లమ్మ దగ్గరికి వచ్చాడు. అంతటి ఎద్దు, నేల చూపులు చూస్తున్నాడు. "తప్పు మాదే అమ్మాయ్. ఎదురడగని పిల్లలు కావాలనుకున్నాం. అలాంటి పిల్లలు మాకన్నా నక్కకే ఎక్కువ కావాలని తోచలేదు. రేపటి నుంచి బడి నువ్వే నడుపు."

పాత పుల్లమ్మ అయితే 'నేను చెప్పలేదా?' అని మొదలుపెట్టేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది. "నడుపుతా మావా. కాకపోతే ఒక్కటి. మేతకు పోని రోజు మీరూ వచ్చి కూర్చోండి."

"మేమేం నేర్చుకోవాలి ఈ వయసులో?"

"తెలియదు అని చెప్పడం. మొదట కాస్త కష్టంగా ఉంటుంది. తర్వాత హాయిగా ఉంటుంది. నాకు పిసరు నేర్పాడు."

మిరపకోతలు అయిపోయాయి. చేలల్లో ఇక తినడానికేమీ లేదని రైతు పుల్లమ్మ మెడనుంచి గుదిబండ విప్పేశాడు. ఆ మర్నాడు అది అందరికన్నా ముందు లేచి, గట్లన్నీ దూకుతూ కొండ మొదలు దాకా పోయింది. మెడ దూదిపింజలా ఉంది. వాలు నిండా లేత చిగురు. ఒక కొమ్మ అందుకుని, కొరికి, నములుతూ ఉండగా వెనక బ్యారన్ వైపు నుంచి దూది గొంతు వినబడింది. ఈసారి దారంలా లేదు, తాడులా ఉంది.

"అత్తా! చిగురెందుకు ముందు ఎర్రగా ఉండి తర్వాత పచ్చబడుతుంది?"

పుల్లమ్మకు జవాబు తెలియదు. నోట్లో ఉన్నది మింగి, చిగురున్న ఇంకో రెమ్మ తుంచి పళ్ళ మధ్య పట్టుకుని, కొండకు వీపు తిప్పి, పరుగు తీసింది. మెడ మీద ఏ బరువూ లేకుండా, ఎవరూ పిలిచి బతిమాలకుండా.

పిల్లల కోసం ఊరికే ఇచ్చిన పొద్దు ఊరికే పోదు. వాళ్ళ గొంతై తిరిగి మన దగ్గరికే వస్తుంది.